వినిపించలేదన్నాను

ఆ ఏడాది మిరప తోటలకు నల్ల తామర పురుగు పట్టింది. పూతంతా ముడుచుకుపోతుంటే రైతులు వారానికి రెండుసార్లు మందు కొట్టారు. వాళ్ళకు అది చెడ్డ ఏడు. మందు కొట్టే మిషన్లు బాగుచేసే నాకు మాత్రం ఊపిరి సలపని ఏడు. అద్దంకిలో దర్శి వెళ్ళే రోడ్డు మీద నా షాపు. నేను వెళ్ళేసరికే షట్టరు ముందు పది పన్నెండు మిషన్లు వరసగా పెట్టి ఉండేవి. నా భార్య చెప్పిన మాట వినకపోవడానికి ఆ పని ఒత్తిడే కారణమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు.

నవంబరు మొదట్లో ఒక ఉదయం నేను టిఫిను తింటుంటే నజ్మీన్ వంటింట్లోంచి వచ్చి గోడ గడియారం దించింది. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి, తల ఒక పక్కకు వంచి కాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి ఫ్రిజ్ ఆపింది.

"ఏం వెతుకుతున్నావ్?" అని అడిగాను.

"ఏదో టిక్కు టిక్కుమంటోందండీ. మీకు వినపడట్లా?"

నాకేమీ వినపడలేదు. మా అమ్మ మౌలాబీ కూడా లేదంది. మా పాప నగ్మాకు అప్పుడు ఆరేళ్ళు. అది బల్లి ఉందేమోనని బల్ల కిందికి దూరింది. అందరం నవ్వుకున్నాం, నజ్మీన్ కూడా నవ్వింది. మధ్యాహ్నానికి ఆమెకు అర్థమైంది, ఆ చప్పుడు ఇంట్లో లేదని, తన ఎడమ చెవిలో ఉందని.

నజ్మీన్ పుట్టిల్లు మంగళగిరి. పెళ్ళై వచ్చిన ఏడాదికే మా వీధి ఆడపిల్లలకు సాయంత్రాలు ఖురాను చదవడం నేర్పడం మొదలుపెట్టింది. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా అరబ్బీ అక్షరం ఆమె నోట్లో తేటగా పలికేది. పది పన్నెండు మంది పిల్లలు వరండాలో చాప మీద కూర్చుని ఎవరి పాఠం వాళ్ళు ఒకేసారి గట్టిగా చదివేవాళ్ళు. ఈమె ఒక పక్కన గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ, తల ఎత్తకుండానే, ఫలానా పిల్ల ఫలానా అక్షరం తప్పు పలికిందని పేరు పెట్టి చెప్పేది. అంతటి చెవి ఆమెది.

గోరుతో గోరును మీటినట్టు ఉంటుందని చెప్పింది ఆ చప్పుడు. కాసేపు వరసగా కొట్టుకుంటుంది, ఆగుతుంది. పోయిందనుకుని ప్రాణం కుదుటపడేలోగా మళ్ళీ మొదలవుతుంది. గిన్నె కింద పడినా వస్తుంది, తను గట్టిగా మాట్లాడినా వస్తుంది, ఒక్కోసారి ఊరికే కూర్చున్నా వస్తుంది.

మా వీధి ఆరెంపీ సాల్మన్ టార్చి వేసి చూసి గులిమి కూడా లేదన్నాడు. చుక్కల మందు ఇచ్చాడు. అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది. వారం చూసి బజారులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు గదిలోకి అడుగు పెట్టేసరికి చప్పుడు ఆగిపోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి వినికిడి పరీక్ష చేశారు. వినికిడి నాకంటే బాగుందని డాక్టరు నవ్వాడు. ఇంట్లో ఏమైనా దిగులు ఉందా అని ఆమెను అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోగా నేనే చెప్పాను, "ఆలోచన ఎక్కువండి ఈమెకి" అని.

ఎందుకన్నానో తెలియదు. ఆయన ఏదో ఒక జవాబు కోసం చూస్తున్నట్టు, అది ఇచ్చేస్తే బయటపడొచ్చన్నట్టు అనిపించింది. షాపు దగ్గర జనం ఉన్నారు. నజ్మీన్ నా వైపు తిరిగి చూసింది. డాక్టరు ఆ ముక్కే చీటీ మీద రాశాడు. ఆ రోజు నుంచి ఎవరడిగినా మా ఇంట్లో చెప్పే జబ్బు పేరు అదే.

ఆమె మొదట్లో నన్ను చాలాసార్లు అడిగింది. కూర వడ్డిస్తూ ఉన్నట్టుండి ఆగి, ఇప్పుడు కొట్టుకుంటోంది, ఒక్కసారి చెవి ఆనించి చూడండి అనేది. నీ చెవిలో చప్పుడు నాకెట్లా వినపడుద్దే అనేవాణ్ణి. ఎవరైనా అదే అంటారు. సాల్మనూ అదే అన్నాడు, అమ్మా అదే అంది. కానీ చెవి పెట్టి చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఇంజనులో ఎక్కడ తేడా ఉందో తెలియకపోతే స్క్రూడ్రైవరు మొన దాని మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని రోజుకు యాభైసార్లు వినేవాణ్ణి నేను.

డిసెంబరులో ఒక సాయంత్రం పాఠం మధ్యలో ఆమె పిల్లలందరినీ చదవడం ఆపమంది. ఎవరు గోటితో కొడుతున్నారో చెప్పమంది. ఒక్కొక్కరి చేతులూ చూసింది. మా వీధిలోనే ఉండే అఫ్రోజ్ కూతురు చేతిలో పెన్సిలు ఉంటే లాక్కుని విరిచేసింది. పిల్ల బిక్కచచ్చి ఏడుస్తూ ఇంటికి పోయింది. నజ్మీన్ ఆ విరిగిన ముక్కలు పట్టుకుని, వెనకే వాళ్ళింటికి వెళ్ళి, తప్పయిందని చెప్పి వచ్చింది. అయినా మర్నాడు ఆరుగురే వచ్చారు. తర్వాత ముగ్గురు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. ఒకరు పరీక్షలన్నారు, ఒకరు అమ్మమ్మ ఊరన్నారు. నెల మధ్యకు వచ్చేసరికి ఆమె ఒక్కతే చాప పరుచుకుని, కాసేపు కూర్చుని, చుట్టి లోపల పెట్టేసేది.

అమ్మ దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. అమ్మకు కోడలంటే చేదేమీ కాదు. గాలి సోకిందని వీధిలో ఎవరో అంటే కొట్లాటకు పోయింది కూడా.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నజ్మీన్ షాపుకు వచ్చింది. ఎన్నడూ రాదు. అన్నం తెచ్చిందేమో అనుకున్నాను, చేతిలో ఏమీ లేదు. నేను ఆదెయ్య అనే రైతు మిషను బాగుచేసి, స్టార్టు చేసి, బల్ల మీద పెట్టాను. ఆమె వచ్చి ఆ మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎడమ చెవి దాని వైపు తిప్పి, కళ్ళు మూసుకుంది. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఎండలో నడిచొచ్చినవాళ్ళు చెంబెడు నీళ్ళు తాగినప్పుడు ఉంటుందే, అట్లా ఉంది.

నేను మిషను ఆపబోతే కళ్ళు తెరిచింది.

"కాసేపు ఆపకండి. ఆ మోతలో ఇది వినపడట్లా" అంది.

షాపులో ఆరుగురు రైతులున్నారు. రోడ్డు అవతల టీ బంకు దగ్గర ఇంకొంతమంది. అందరూ చూస్తున్నారు. ఆదెయ్య పెద్దాయన. "నడవనియ్యి అబ్బాయ్, నా పెట్రోలేగా, ఏం పోయింది" అన్నాడు. నేను స్విచ్ నొక్కి ఆపేశాను. ఇంటికి పొమ్మన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె లేచి, కొంగు సర్దుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఆదెయ్య మిషను భుజానికి తగిలించుకుని వెళ్ళాడు.

మర్నాడే గుంటూరు తీసుకెళ్ళి మానసిక వైద్యుడికి చూపించాను. చెప్పిందంతా నేనే చెప్పాను. పిల్లల సంగతి, పెన్సిలు సంగతి, షాపు సంగతి. ఆమె వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మూడు రకాల మాత్రలిచ్చారు. పూటపూటా నేనే దగ్గరుండి వేశాను. నోరు తెరిచి చూపించమనేవాణ్ణి. తెరిచేది.

ఆ మాత్రలకు ఆమె మనిషి మనిషి కాకుండా పోయింది. కూర్చున్న చోటే తూగేది. మాట ముద్దగా వచ్చేది. నగ్మా బడి నుంచి వచ్చి ఏదో చెబుతుంటే, విని విని, ఏంటమ్మా అన్నావు అని మళ్ళీ అడిగేది. చప్పుడు తగ్గిందా అంటే తగ్గలేదండీ, నేనే తగ్గాను అంది ఒకసారి.

డిసెంబరు చివరి ఆదివారం అమ్మ బజారుకు వెళ్ళింది. నజ్మీన్ పొయ్యి మీద పప్పు పెట్టి, వంటింటి గడప మీద కూర్చుని నిద్రపోయింది. అమ్మ వచ్చేసరికి ఇల్లంతా పొగ. గిన్నె మాడి ఎర్రబడింది. పాప లోపలి గదిలో దగ్గుతూ కూర్చుంది. పాపకు ఏమీ కాలేదు. కానీ అమ్మ సాయంత్రం దాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

"దాని తప్పని నేననట్లేదురా. పసిదాన్ని దాని మీద వదిలి నేను గుమ్మం దాటలేను. నా వల్ల కాదు" అంది నాతో.

నజ్మీన్ అన్న మొహిద్దీన్ బాషాకు ఫోను చేశాను. మంగళగిరిలో చీరల కొట్లో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి. కొన్నాళ్ళు తీసుకెళ్ళి ఉంచుకో బావా, నెమ్మదించాక నేనే వచ్చి తీసుకొస్తాను అన్నాను. పాప ఇక్కడే ఉంటుందన్నాను. బడి ఉంది కదా, నిజమే అన్నాడు.

జనవరి మొదటి వారంలో వచ్చాడు. పొద్దున పదకొండు గంటలు. కరెంటు లేదు. వీధిలో ఆటో నిలబడి ఉంది. నగ్మాను ఆ గొడవ చూడనివ్వకూడదని అమ్మ పొద్దున్నే బడికి పంపేసింది. నజ్మీన్‌కు ఆ సంగతి తెలియదు. బ్యాగు పక్కన పెట్టుకుని వరండాలో నిలబడి పాప ఏదని అడిగింది. బడికి పోయిందని చెప్పాను. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తల ఎడమ పక్కకు కొంచెం వంచింది.

"వస్తోందండీ ఇప్పుడు. బాగా గట్టిగా. ఈ ఒక్కసారికి చెవి పెట్టి వినండి. తర్వాత ఏమీ అడగను."

మొహిద్దీన్ బాషా నన్ను చూశాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆటో అతను ఇంజను ఆపి బీడీ కాల్చుకుంటున్నాడు. విని, ఆ పని అయిపోయిందనిపించి, పంపించేద్దామనుకున్నాను. దగ్గరకు వెళ్ళి, ఆమె తల పట్టుకుని, నా కుడి చెవి ఆమె ఎడమ చెవికి ఆనించాను.

మొదట నా ఊపిరే వినపడింది. ఊపిరి బిగబట్టాను.

టిక్. టిక్ టిక్. ఆగింది. టిక్ టిక్ టిక్ టిక్.

చాలా చిన్న చప్పుడు. కానీ పొరపాటు పడటానికి లేదు. ఇంజనులో ట్యాపెట్ వదులైన బండి దూరం నుంచి వస్తుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఇరవయ్యేళ్ళుగా చప్పుళ్ళ మీద బతుకుతున్నవాణ్ణి. అది నా చెవిలోది కాదు, ఆమె చెవి లోపలి నుంచి వస్తోంది. నా చెంపకు ఆమె చెంప వెచ్చగా తగులుతోంది. ఆమె కదలకుండా, రెప్ప కూడా వేయకుండా నిలబడింది.

తల పైకెత్తాను.

"ఏం బావా, వినిపించిందా?" అన్నాడు మొహిద్దీన్ బాషా.

"లేదు" అన్నాను.

దీన్ని గురించి నేను ఎంత ఆలోచించానో చెప్పలేను. రెండు నెలలుగా ఊరందరికీ ఆమె తలలోదని చెప్పినవాణ్ణి నేను. నా చేత్తో మాత్రలు మింగించాను. పదిమందిలో లేపి పంపించాను. అవునంటే అదంతా ఏమవుతుంది? అంతసేపు కూడా ఆలోచించి ఉండను. నాలుక చివర ఉన్న మాట, రోజూ అలవాటైన మాట, అదే వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఆ వరండాలో చాలా సమయమే ఉంది. బ్యాగు ఆటోలో పెట్టేదాకా ఉంది. ఆటో తిరిగేదాకా ఉంది.

నజ్మీన్ నా మొహంలోకి చూసింది. నేను అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. అదే నన్ను తినేసింది. ఆమె నమ్మింది. అప్పటిదాకా ఊరంతా కాదన్నా ఆమెకు తన చెవి మీద నమ్మకం పోలేదు. నేను చెవి పెట్టి విని లేదన్నాక పోయింది. మొహం ఒక్కసారిగా వాడిపోయింది.

"అయితే నా తలలోదే" అంది నెమ్మదిగా. అన్న చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.

తర్వాత పంతొమ్మిది రోజులు గడిచాయి. షాపు తెరిచాను, మిషన్లు బాగుచేశాను, ఇంటికొచ్చి తిన్నాను. మిరప తోటల్లో మొదటి కోత మొదలైంది. ఊరి చుట్టూ కళ్ళాల మీద కాయలు ఎర్రగా పరిచి ఉంటే గాలి వీచినప్పుడల్లా బజారంతా తుమ్మేది. నగ్మా మొదటి వారం అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడిగింది. రెండోవారం రెండుసార్లే అడిగింది. నానమ్మ పక్కలో పడుకోవడం అలవాటు చేసుకుంది. విన్న సంగతి మా అమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మొదటి రోజే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న పక్కన రోజుకొకటి చేరుతూ వచ్చింది.

పంతొమ్మిదో రోజు నజ్మీన్ ఫోను చేసింది. గొంతు బాగానే ఉంది.

"నాకు నయమైపోయిందండీ. చప్పుడూ లేదు, ఏమీ లేదు. అదంతా నా భ్రమేనని ఇప్పుడు తెలుస్తోంది. మిమ్మల్ని చాలా విసిగించాను, క్షమించండి. మాత్రలు నేనే వేసుకుంటున్నా, ఎవరూ చెప్పకుండానే. నగ్మాని ఒక్క రెండు రోజులు పంపించండి."

అప్పజెప్పినట్టు చెప్పింది. ముందే అనుకుని, గుర్తుపెట్టుకుని చెబుతున్నట్టు. మధ్యలో ఒకచోట ఆగింది. ఎందుకాగిందో నాకు తెలుసు. గట్టిగా మాట్లాడితే వస్తుంది అది.

మర్నాడు షాపు తెరవలేదు. మంగళగిరి వెళ్ళాను. మొహిద్దీన్ బాషా ఉండేది నేతగాళ్ళ వీధి. ఆయన ఇంటికి ఆనుకునే మగ్గాల ఇల్లు. నజ్మీన్ ఇంట్లో లేదు. ఆ మగ్గాల గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు మగ్గాలు ఆగకుండా ఆడుతున్నాయి. రోజూ పొద్దున వచ్చి కూర్చుంటుందట, ఎవరితోనూ మాట్లాడదట. నన్ను చూడగానే లేచి, నా వెనక్కి చూసింది.

"నగ్మాని తీసుకురాలేదా?"

గుంటూరులో ఇంకో చెవి డాక్టరు ఉన్నాడు, ఆయనకు చూపిద్దాం అన్నాను. ఎందుకండీ, తగ్గిపోయిందిగా అంది. బలవంతాన తీసుకెళ్ళాను. ఆస్పత్రిలో ఆమెను బయట కూర్చోబెట్టి ముందు నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాను. డాక్టరు నడివయసు మనిషి, తక్కువ మాట్లాడతాడు. నా భార్య చెవిలో చప్పుడు నాకు వినిపించింది సార్ అన్నాను. ఎప్పుడన్నాడు. ఇరవై రోజులైందన్నాను. మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారన్నాడు. ఆమె బయట కూర్చుని ఉంది సార్ అన్నాను. ఆయన రెట్టించలేదు. ఆమెను పిలిపించాడు.

"ఏం లేదు సార్. తగ్గిపోయింది. నేనే అట్లా అనుకున్నాను" అంది నజ్మీన్ కుర్చీ అంచున కూర్చుని. చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

డాక్టరు ఒక సన్నటి రబ్బరు గొట్టం తీసి, ఒక చివర ఆమె చెవిలో, రెండో చివర తన చెవిలో పెట్టుకున్నాడు. ఫ్యాను ఆపమన్నాడు. ఆమెను ఒకటి నుంచి ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టమన్నాడు. ఆమె లెక్కపెట్టింది. పన్నెండు దగ్గర గొంతు తడబడింది. ఇరవై అయ్యాక ఆయన అట్లాగే కాసేపు కూర్చున్నాడు.

"వస్తోంది కదమ్మా. తగ్గిందంటావేం?" అన్నాడు.

ఆమె ఆయన్ను చూసింది. మీకు వినపడుతోందా సార్ అంది. వినపడుతోందన్నాడు. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు ఆయన గొట్టం తీసేసి, కుర్చీ దగ్గరకు జరుపుకుని చెప్పాడు. చెవి పొర వెనక రెండు సన్నటి కండరాలు ఉంటాయట. పెద్ద మోత వచ్చినప్పుడు బిగుసుకుని చెవిని కాపాడటం వాటి పని. ఒక్కోసారి కన్ను అదిరినట్టు అవి ఊరికే అదురుతాయి. అదిరినప్పుడల్లా ఆ చప్పుడు. చాలా అరుదు, ఎందుకు వస్తుందో అన్నిసార్లూ చెప్పలేం, దిగులు పడితే ఎక్కువ కావచ్చుగానీ దిగులు వల్ల పుట్టిన ఊహ మాత్రం కాదు అన్నాడు. కొన్నాళ్ళు మందు వాడి చూద్దాం, లోబడకపోతే చిన్న ఆపరేషను చేసి ఆ కండరాల కొసలను కత్తిరిస్తే ఆగిపోతుందన్నాడు.

"బయటివాళ్ళకు వినపడటం కూడా కొందరిలోనే. నీ అదృష్టం, మీ ఆయన విన్నాడు. లేకపోతే ఇంకెన్నాళ్ళు తిరిగేవాళ్ళో" అన్నాడు చీటీ రాస్తూ.

నజ్మీన్ తల తిప్పి నా వైపు చూడలేదు. గోడ మీద చెవి బొమ్మ ఉంటే దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆస్పత్రి మెట్లు దిగి, రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డాం. ఎండ చురుక్కుమంటోంది. అప్పుడు అడిగింది.

"ఆ రోజేనా?"

"ఆ రోజే."

"మీరు లేదన్నాక నేను నిజంగానే పిచ్చిదాన్ననుకున్నానండీ. పాపను నా దగ్గరకు రానివ్వకపోవడమే మంచిదనుకున్నాను."

ఆటో వచ్చింది. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఎక్కాక, రేపు నగ్మాని పంపించండి అని మాత్రం అంది.

ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, నేను చెప్పడం అయ్యేదాకా విన్నది.

"నాకు వినపడలేదు కాబట్టి తాయెత్తు కట్టాను. నువ్వు విని పంపించావు" అంది.

మర్నాడు పొద్దున్నే నగ్మాను తీసుకుని తనే మంగళగిరి వెళ్ళింది. నేనూ వస్తానంటే వద్దంది. అక్కడ కోడలి కాళ్ళు పట్టుకోబోతే ఆమె పట్టుకోనివ్వలేదని, ఇద్దరూ చాలాసేపు ఏడ్చారని తర్వాత మొహిద్దీన్ బాషా చెప్పాడు. అమ్మ వారం ఉండి వచ్చింది. నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది.

మందు పెద్దగా పనిచేయలేదు. మార్చి మొదట్లో ఆపరేషను చేశారు. మత్తు దిగాక నజ్మీన్ కళ్ళు తెరిచి, తల కదపకుండా, పైకప్పు వంక చూస్తూ పడుకుంది. ఉందా అని మొహిద్దీన్ బాషా అడిగాడు. ఇంకాసేపు విని, లేదన్నయ్యా అంది. మూడోరోజుకు కూడా లేదు. తర్వాత మళ్ళీ రాలేదు. పెద్ద మోతలు ఇకమీదట ఆ చెవికి కొంచెం ఎక్కువగా తగులుతాయని డాక్టరు చెప్పాడు. అందుకని నా షాపు వైపు ఆమె రాదు.

మిరప కోతలు అయిపోయే రోజుల్లో, ఏప్రిల్ మొదట్లో, నజ్మీన్ ఇంటికి వచ్చింది. నేను అడగ్గానే వచ్చింది. పాప బడి ఇక్కడే కదా అంది. వచ్చిన మర్నాడే వంటిల్లు కడిగి సర్దుకుంది. మెల్లగా ముగ్గురు పిల్లలు మళ్ళీ చదువుకు వస్తున్నారు. అఫ్రోజ్ కూతురు రాలేదు. నేను ఎదురుచూశాను, ఒకరోజు తిడుతుందని, అరుస్తుందని, ఆ రోజు సంగతి ఎత్తి పదిమందిలో కడిగేస్తుందని. అట్లాంటిదేమీ లేదు. అన్నం పెడుతుంది. చొక్కాకు గుండీ ఊడితే కుడుతుంది. పాప సంగతులు చెబుతుంది, నవ్వుతుంది కూడా. క్షమించమని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ, ఎందుకులెండి, అయిపోయిందిగా అంది.

ఆగస్టులో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. నజ్మీన్ పెరట్లో పంపు దగ్గర వంగి నోరు పుక్కిలిస్తోంది. నీళ్ళల్లో నెత్తురు. పక్కన ఎర్రబడిన దూది ఉండ. అమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

పన్ను పీకించుకుందట. ఆ పొద్దునే అమ్మా తనూ బజారుకు వెళ్ళి పీకించుకొచ్చారు. ఎప్పటి నుంచి నొప్పి అని అడిగాను. నెల పైనే అయిందని అమ్మ చెప్పింది. సాల్మన్ మాత్రలిస్తే తగ్గలేదట, పది రోజులుగా గంజే తాగుతోందట, ఒకవైపు పడుకోలేకపోతోందట. నగ్మాకు కూడా తెలుసు. మూడు పూటలా ఆ ఇంట్లోనే తింటున్న నాకు తెలియలేదు.

"నాకు చెప్పొచ్చు కదా" అన్నాను.

నజ్మీన్ కొత్త దూది ఉండ చేత్తో పట్టుకుని, నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"చెప్పేంత నొప్పేం కాదండీ" అంది.

ఎడమ దవడ వాచి, కన్ను కింద దాకా నునుపు తేలి ఉంది. మాట సగమే బయటికి వస్తోంది. నేను సరేనన్నాను. ఆమె దూది పెట్టుకుని పళ్ళు బిగించింది. అమ్మ గొడుగు ఆమె మీదికి వంచి, ఇద్దరూ వానలో నెమ్మదిగా లోపలికి నడిచారు.